నలభై ఒకటో కట్టుబాటు

రామలింగం చనిపోయి పద్దెనిమిది గంటలైంది. ఇన్‌స్పెక్టర్ సుకన్య సరిగ్గా నిద్రపోయి దాదాపు రెండు రోజులైంది. ఖిలా వరంగల్ దగ్గర గొలుసు దొంగల కోసం శనివారం రాత్రంతా తిరిగి, ఆదివారం రాత్రైనా కాస్త నడుం వాల్చుదామనుకునేసరికి కమిషనరేట్ నుంచి ఫోను. చచ్చిపోయినాయన ఒకప్పుడు హైదరాబాదులో శాసనసభ అనువాద విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాడట. పైనుంచి ఎవరో అడిగారట. లోకల్ స్టేషన్‌కు వదిలేయకుండా క్రైమ్ బ్రాంచి కూడా ఒకసారి చూడాలట. ఈ 'అట'లన్నీ మోసుకుంటూ సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె మట్టెవాడలోని పాత గడియారం బజారు వర్తక సంఘం మెట్ల ముందు నిలబడింది. మెట్లు పద్నాలుగు. ఆమె కళ్లకంటే ముందే మోకాళ్లు లెక్కపెట్టుకున్నాయి.

కింది మెట్టు దగ్గర సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం అప్పటికే సగం చెరిగిపోయింది. ఎంతమంది దాని మీదుగా నడిచారో అడిగి లాభం లేదు. సుకన్య దాన్ని దాటి పైకెక్కింది.

పై మెట్టు మీద ఇన్‌స్పెక్టర్ మహిపాల్ నిలబడి ఉన్నాడు. ఈ ఏరియా అతనిది. నిద్ర చాలిన మొహం, మడత నలగని యూనిఫాం. ఆ రెండింటిలో దేన్ని చూసి ఎక్కువ ఒళ్లు మండిందో సుకన్యకే తెలియలేదు.

"నమస్తే మేడం. గింత ఎండల వచ్చిన్రు గని, ఈడ మీకు పనేం లేదు. కేసు ఒడిసింది."

"మంచిదే కదా. ఎవరి మీద ఒడిసింది?"

"యాకమ్మ మీద. కింద అరుగు మీద పూలమ్ముతది. పొద్దుగాల ఈ ఆఫీసు ఊడ్చేది సుత ఆమెనే." మహిపాల్ నోట్‌బుక్ తెరవకుండానే చెప్పుకుపోయాడు. "నిన్న అమావాస్య, ఆదివారం. బజారంత బంద్, ఒక్క మందుల షాపు తప్ప. సాయంత్రం ఆరు పదికి ఈమె మెట్లెక్కింది. ఆరు నలభై అయిదుకు కండ్లు తుడుచుకుంట దిగింది. ఎదురుంగ మందుల షాపాయన చూసిండు, ఆ వెంటనే షట్టర్ దించి పోయిండు. ఏడు ఇరవైకి సంఘం ప్రెసిడెంట్ గోపాల్ వచ్చేసరికి రామలింగం పంతులు మెట్ల కింద పడి ఉన్నడు. తల వెనుక దెబ్బ. డాక్టర్ ఏడు ప్రాంతంల అంటాండు. పావుగంట ఇటో అటో."

"పైకి ఎందుకు పోయిందట?"

"ఊడ్వ పోయిన అంటాంది. రోజూ పొద్దుగాల ఊడ్చే మనిషి సాయంత్రం ముప్పై అయిదు నిమిషాలు ఏం ఊడ్చినట్టు? అబద్ధం మేడం. కారణం కూడా ఉంది. అరుగుల మీద ఎవ్వరూ కూర్చోవద్దని సంఘం కట్టుబాటు చేసింది. సంఘం రాతకోతలు చూసే పంతులే రాసిండు. ఇరవై రెండు మంది ఆడోళ్లు రేపు పది గంటలకు లేచి పోవాలె. ఈమె అత్తకాలం నుంచి ఆ అరుగు మీదనే కూర్చుంటాంది. కడుపు మండింది, తోసింది. అయిదు గంటలకు మెజిస్ట్రేట్ ముందట పెడుతాన."

సుకన్య గడియారం చూసుకుంది. "నాలుగు దాకా నాకియ్యి."

"మీరు సీనియర్. నేను ఇయ్యనంటే ఊకుంటరా," అన్నాడు మహిపాల్, పక్కకు జరిగి దారి ఇస్తూ. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఉన్న తలనొప్పికి ఇతని మర్యాద ఒకటి తోడైంది.

హాల్లో గోడకు తొమ్మిది మంది సభ్యుల పేర్ల బోర్డు, దాని కింద పొడుగాటి బల్ల. యాకమ్మ మూలన నేలమీద కూర్చుంది. అరవై దాటిన మనిషి. కాళ్లు ముడుచుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరి వంకా చూడటం లేదు. బల్ల దగ్గర కుర్చీలో గోపాల్ ఉన్నాడు. చీరల దుకాణం ఆయనది, యాభై అయిదేళ్లుంటాయి. ఏడ్చిన కళ్లతో ఉన్నాడు. ఆయన పక్కన తెల్లచొక్కా మనిషి లేచి సుకన్యకు కుర్చీ లాగాడు.

"కూర్చోండి మేడం, అలసిపోయినట్టున్నరు. నేను హరికృష్ణ, అడ్వకేట్. సంఘానికి లీగల్ అడ్వైజర్ని."

తనను చూసి అలసిపోయావని ఇవాళ చెప్పిన మొదటి మనిషి. సుకన్య కూర్చుంది.

"గోపాల్ గారూ, నిన్న మధ్యాహ్నం నుంచి చెప్పండి. నాకేం తెలియదనుకొనే చెప్పండి."

గోపాల్ గొంతు సవరించుకున్నాడు. "మా సంఘంల ఏ కట్టుబాటైనా మూడు అమావాస్యలు చదవాలె మేడం. ఆ దినం హమాలీలకు సెలవు, దుకాణాలు బంద్, అందరికి తీరిగ్గ కూర్చునే పురసతు ఉంటది. మూడో అమావాస్య నాడు మెంబరుకు ఒక పసుపు కొమ్ము, ఒక చింతగింజ ఇస్తం. ఒప్పుకుంటే కొమ్ము, వద్దనుకుంటే గింజ ఇగో ఈ ఇత్తడి చెంబుల ఏస్తడు. చేతుల మిగిలింది ఆ గుడ్డసంచిల ఏస్తడు. ఎవ్వలు ఏమేసిన్రో ఎవ్వలకు తెల్వది. నిన్న మూడున్నరకు ఏసుడు అయిపోయింది, అందరం ఇండ్లకు పోయినం."

"లెక్క?"

"పంతులు ఒక్కడే చూస్తడు. మేము చెంబుల తొంగి చూడం, అది తప్పు. మాపటిల్లి ఆయన లెక్క చూసుకుంటడు, తెల్లారి షట్టర్లు లేవకముందు బుక్కుల ఆఖరి మాట రాస్తడు. నేను బజార్ల నిలబడి చదువుత. చదివినంక అది కట్టుబాటు."

"ఆఖరి మాటంటే?"

"రెండో అమావాస్య తర్వాత మొత్తం మ్యాటర్ బుక్కుల రాసి పెడుతడు మేడం. చేసుకున్నమా, వద్దన్నమా అనే మాట ఒక్కటి ఇడిసిపెడుతడు. ఆ జాగ ఖాళీగ ఉంటది. ఓట్లు పడకముందే ఆ మాట రాసుడంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అంటుండె." గోపాల్ కండువాతో కళ్లొత్తుకున్నాడు. "రాత్రి ఏడు ఇరవైకి తాళంచెవి కోసం వస్తే కింద పడి ఉన్నడు. అంబులెన్స్‌కు చేసిన. ఏడు ఇరవై అయిదుకు వకీల్ సాబ్‌కు చేసిన, అయిదు నిమిషాలల్ల వచ్చిండు. మేమిద్దరం కలిసి పైకి వచ్చి చూస్తే బుక్కు తెరిచి ఉంది, ఆఖరి మాట రాసే ఉంది. పొద్దున అదే చదివిన. రాసింది చదువుడే నా పని."

సుకన్య పుస్తకాన్ని ముందుకు లాక్కుంది. ఎర్ర అట్ట, అంచులు నలిగిన పెద్ద రిజిస్టరు. నలభై ఒకటో కట్టుబాటు గుండ్రటి చేతిరాతలో ఉంది: "బజారులోని దుకాణాల ముందరి అరుగులపై బయటివారెవరూ కూర్చుండి అమ్మకములు చేయరాదని ఇందుమూలముగా శాసించడమైనది."

చివరి మాట దగ్గర అక్షరాలు కాస్త ఎడంగా ఉన్నాయి. ఉన్న ఖాళీకి మాట చిన్నదైనట్టుంది. సుకన్య పేజీలు వెనక్కి తిప్పింది. రామలింగం రాతలో పన్నెండు కట్టుబాట్లు కనిపించాయి, గత పదకొండేళ్లవి. చెత్త వేసే చోటు గురించి ఒకటి, పండుగకు దుకాణాలు మూసే వేళ గురించి ఒకటి, ఒకరి గిరాకీని ఇంకొకరు పిలవకూడదని ఒకటి. పన్నెండింటికీ చివర ఒకటే ఉంది: 'కట్టుబాటు చేసుకున్నాము.'

"శాసించడమైనది అని ఇంతకు ముందెప్పుడూ రాయలేదు ఈయన," అంది సుకన్య.

"నాకు సుత జర కొత్తగనే అనిపించింది మేడం," అన్నాడు గోపాల్.

మహిపాల్ నవ్వాడు. "ఒక్క మాట మారిస్తే అయిపోయిందా? అసెంబ్లీల పనిచేసిన మనిషి, పెద్ద మాట రాయబుద్ధయింది, రాసిండు. రాతను ల్యాబుకు పంపితే నెల పడుతది. అప్పటిదాక ఈమెకు చాయ్ పోసుకుంట కూర్చోవాల్నా?"

అతని మాటలో తప్పేమీ లేదు, అదే ఇబ్బంది. సుకన్య లేచి లోపలి గదిలోకి వెళ్లింది, వెనకే మహిపాల్.

రామలింగం కూర్చునే గది అది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడవారన రేకు డబ్బాలు. డబ్బాల నిండా చేత్తో రాసిన అట్టముక్కలు, అక్షర క్రమంలో. చట్టాల్లో వాడే మాటలకు ఆయన తెలుగు పదకోశం ఒకటి తయారుచేస్తున్నాడని కమిషనరేట్ వాళ్లు చెప్పింది ఇదే కాబోలు. సుకన్య 'శ' డబ్బా వెతికి ఒక ముక్క బయటికి తీసింది.

"శాసించు: చట్టం చేయు. ఎవరు చేస్తే ఈ మాట చెల్లుతుంది? జనం ఎన్నుకున్న సభ చేస్తే చెల్లుతుంది. రాజుల కాలంలో రాజు చేసేవాడు, రాతి మీద చెక్కించేవాడు, కాదన్నవాడి వీపు మీద కూడా చెక్కించేవాడు. ఇప్పుడు వాడకం పాడైపోయింది. డబ్బు లోకాన్ని శాసిస్తుంది, హీరో బాక్సాఫీసును శాసిస్తాడు, కొత్తల్లుడు అత్తవారింటిని శాసిస్తాడు. ఒక్కడు చెప్పేది ఆజ్ఞ. పదిమంది తమ కోసం తాము ఒప్పుకునేది కట్టుబాటు. ఒప్పుకోనివాడి మీద కూడా చెల్లేది శాసనం, అందుకే దాన్ని చేయడానికి అంత తతంగం. మన సంఘం పుస్తకంలో ఈ క్రియ రాయకూడదు. రాస్తే అబద్ధమవుతుంది."

సుకన్యకు నవ్వొచ్చింది, ఆ వెంటనే దుఃఖమూ వచ్చింది. ఈ పెద్దమనిషితో బతికుండగా ఒక పూట కూర్చుని మాట్లాడి ఉంటే బాగుండేదనిపించింది. తన ఉద్యోగంలో మంచివాళ్లందరూ ఇలాగే పరిచయమవుతారు, పోయిన తర్వాత. ముక్కను మహిపాల్ చేతికిచ్చింది.

అతను చదివి తిరిగి ఇచ్చాడు. "ముసలాయన పట్టింపు మనిషి, ఒప్పుకుంట. కోర్టుల ఇది నిలబడుతదా మేడం?"

"నిలబడదు," అని ఒప్పుకుని సుకన్య బల్ల సొరుగు లాగింది.

పెన్నులు, సిరాబుడ్డి, జీలకర్ర మిఠాయిల పొట్లం. వాటి మీద అట్టతో చేసిన నల్లకళ్లజోడు, దాని కిందే మడతపెట్టిన చీటీ. కంటి శిబిరం చీటీ అది. నిన్నటి తారీఖు, రామలింగం పేరు, ఒక ఫోన్ నంబరు. సుకన్య ఆ కళ్లజోడును చేతిలో తిప్పింది. పోయిన నెల తనకూ ఇలాంటిదే ఇచ్చారు. కళ్లలో చుక్కలు వేశాక ఆ రోజు రాత్రి వరకూ సొంత ఫోనులో ఒక్క అక్షరం చదవలేకపోయింది. ఆ నాలుగు గంటలే ఈ ఏడాదిలో తను ప్రశాంతంగా ఉన్న సమయం.

చీటీ మీది నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఎత్తినమ్మాయి పేరు హారిక, శిబిరంలో కళ్లు పరీక్ష చేసే టెక్నీషియన్.

"రామలింగం సారా? గుర్తున్నరు మేడం. నాలుగు యాభైకి చుక్కలు వేసిన. పరీక్ష అయినంక అయిదున్నరకు పోయిన్రు."

"ఆ చుక్కలు పడ్డాక ఎంతసేపటికి రాయొచ్చమ్మా?"

"రాత్రి తొమ్మిది దాక దగ్గరివి ఏం కనబడయి. సార్ వయసుకు ఇంకెక్కువనే పడుతది. చదువుడు, రాయుడు బంద్ అని చెప్పిన. సార్ నవ్విండు. 'నేను రాసేది ఒక్క మాటనే బిడ్డా, అది రేపు పొద్దున గదా' అన్నడు. సార్‌కు ఏమైనా అయిందా మేడం?"

సుకన్య చెప్పింది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మహిపాల్ ఈసారి నవ్వలేదు. "సరే. ఆ మాట పంతులు రాయలే. యాకమ్మ కూడా రాయలే, ఆమెకు సదువు రాదు. కాని ఒకలు రాస్తే ఒకలు తోసుండొచ్చు. ఆ ముప్పై అయిదు నిమిషాలు ఏం చేసిందో ఆమె చెప్పనంత సేపు నా లెక్క నాదే."

అదీ నిజమే. ఇతనికి తిక్క ఉంది కాని బుర్ర లేకపోలేదు. సుకన్య హాల్లోకి వచ్చి, కుర్చీ వద్దనుకుని, యాకమ్మ ఎదుట నేలమీదే చతికిలబడింది. మోకాళ్లు బతికిపోయాయి. చుట్టూ గోపాల్, లాయరు, మహిపాల్, ఇద్దరు కానిస్టేబుళ్లు.

"యాకమ్మక్కా, నువ్వు ఊడ్వ పోలేదు."

యాకమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

"పంతులుకు నిన్న సాయంత్రం కండ్లు కనబడలే. మందు ఏసిన్రు. ఆ సంగతి నాకు తెలిసింది. కనబడని మనిషి చెంబుల గింజలు ఎట్ల లెక్క చూస్తడు?"

ముసలమ్మ తల ఎత్తింది. ఆ చూపులో భయంకంటే కోపమే ఎక్కువ. "మీకెవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే. చీటీ దొరికింది."

"నేనైతే చెప్పలే. గది గుర్తు పెట్టుకోండ్రి." యాకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒట్టేసిన మేడం. 'యాకమ్మా, పసుపును గింజను చేతితోటి పట్టి చెప్పొచ్చు గని, ఒకటి తప్పు పడ్డా పాపం తగుల్తది. ఇన్నేండ్ల సంది మూరలు లెక్కవెడుతానవు, నీకు తప్పు పోదు, జర చూడు' అన్నడు. 'సంఘానికి తెలిస్తే నా ఇజ్జత్ పోతది, రేపు నేను రాసేదాక నీ నోట్లెకెల్లి రావద్దు' అన్నడు. చెయ్యిల చెయ్యేసి ఒట్టువెట్టిన. రాసేదాక అన్నడు. రాయకముందే పాయె. ఇగ నా ఒట్టు ఎట్ల తీరుతది?"

ఆ ఒట్టు కోసం ఈమె సాయంత్రానికి జైలుకు పోవడానికి సిద్ధపడి కూర్చుంది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో సుకన్య, చదువుకున్న సాక్షులు టీ చల్లారేలోపు మాట మార్చడం చూసింది.

"ఆయన రాయాల్సిన మాట ఇంకెవరో దొంగతనంగా రాసిన్రు అక్కా. నువ్వు చెప్పకుంటే ఆ దొంగమాటే నిలబడుతది. రేపు ఇరవై రెండు మంది అరుగులు ఖాళీ చేసి పోతరు. పంతులు ఇది ఒప్పుకుంటడా?"

యాకమ్మ నోటి మీది నుంచి కొంగు తీసేసింది. తర్వాత వేళ్లు మడుస్తూ, అక్కడున్న అందరికీ వినపడేలా చెప్పింది.

"మూడు కొమ్ములు. అయిదు గింజలు. రెండుసార్లు చూసిన, మూడోసారి ఆయన చూడుమంటే చూసిన. అరుగులు పోవు యాకమ్మా అన్నడు. నాకు ఏడుపొచ్చింది. మా అత్త కూసున్న జాగ గది. ఎంతసేపు ఏడ్చిన్నో, నీళ్లిచ్చి నన్ను కిందికి పంపిండు. గంతే. నేను దిగేటప్పుడు మనిషి మంచిగున్నడు."

గోపాల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అరుగులు పోవాలని కొమ్ము వేసినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడని ఆ మొహమే చెబుతోంది. హరికృష్ణ నెమ్మదిగా తల ఊపాడు. "మేడం, ఇంత చెప్పినంక ఆమెను ఇంకా కూర్చోబెట్టుడు న్యాయం కాదు. ఓడిన కట్టుబాటు కోసం ఆమె ఎందుకు చంపుతది? ఇంటికి పంపియ్యండి. పొద్దటి సంది ఏం తినలేదు."

"అవును, పంపించండి," అంది సుకన్య. అప్పటికే ఆమె మనసు చెంబు మీదికి పోయింది. "మహిపాల్, చెంబు, సంచి తీసుకుని లోపలికి రా. గోపాల్ గారూ, మీరు కూడా రండి."

లోపలి గది తలుపు వేసుకున్నారు. మహిపాల్ సీలు విప్పి బల్ల మీద చెంబు ఒంపాడు. "నేను రాత్రే లెక్కవెట్టిన మేడం, పంచనామాల ఉంది. కొమ్ములు ఆరు, గింజలు మూడు. ఆమె చెప్పింది దీనికి కలుస్తలేదు. ఇప్పుడేమంటరు?"

"సంచి కూడా లెక్క పెట్టినవా?"

"మిగిలినయి ఎందుకు?"

"ఒంపు."

గుడ్డసంచిలోంచి కొమ్ములు రెండు, గింజలు అయిదు పడ్డాయి. సుకన్య రెండు కుప్పలనూ వేలితో విడదీసింది. నిద్ర లేక కళ్లు మంటగా ఉన్నా ఈ లెక్కకు కళ్లు కూడా అక్కర్లేదు.

"మనిషికి రెండు ఇస్తరు. ఒకటి చెంబులోకి, ఒకటి సంచిలోకి. అంటే రెండింట్ల సమానంగా ఉండాలె. ఇక్కడ తొమ్మిది ఉన్నయి, అక్కడ ఏడు. మొత్తం పదహారు. గోపాల్ గారూ, నిన్న ఎంతమంది ఉన్నరు?"

"ఎనిమిది మందిమి మేడం. ఎల్లస్వామి రాలే. పొద్దుగాల్నే ఛాతీల నొప్పి లేచి దవాఖానల పడ్డడు. బయట ఎవ్వలకు చెప్పొద్దని ఇంటోళ్లు అన్నరు. మీటింగుల కూర్చున్న మాకే ఎర్క."

మహిపాల్ కుప్పలవైపు వంగాడు. అతని పెదాలు కదిలాయి, లెక్క కడుతున్నాడు. "యాకమ్మ చెప్పినట్టు మూడు, అయిదు ఉంటే ఎనిమిది. సంచిల అయిదు, మూడు ఉండాలె. ఎవడో సంచిలకెల్లి మూడు కొమ్ములు తీసి చెంబుల ఏసిండు. చెంబులకెల్లి రెండు గింజలే తీసి సంచిల ఏసిండు. రెండే ఎందుకు?"

"చెంబుల తొమ్మిది ఉండాలనుకున్నడు. బయట బోర్డు మీద తొమ్మిది పేర్లున్నయి కదా. నిన్న మీటింగుల కూర్చున్న ఏ ఒక్కడూ ఈ తప్పు చేయడు. ఇది బయటి మనిషి పని. ఎల్లస్వామి రాలేదని తెలియని మనిషి, చెంబుకు సంచికి ఉన్న లెక్క తెలియని మనిషి. కొమ్మంటే ఏంది, గింజంటే ఏంది అన్నది మటుకు బాగా తెలిసిన మనిషి." సుకన్య గోపాల్ వైపు తిరిగింది. "ఈ కట్టుబాటు మొదట తయారుచేసింది ఎవరు?"

గోపాల్ బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులో టైపు చేసిన కాగితం ఉంది. మొదటి అమావాస్యకు చదివిన ముసాయిదా అది. నలభై ఒకటో కట్టుబాటు మాటలన్నీ అవే. చివర 'శాసించడమైనది' అని ఉంటే, ఎర్రసిరాతో కొట్టేసి పక్కన రామలింగం రాశాడు: 'ఈ అధికారం మనకు లేదు. ఈ చోటు ఖాళీగా ఉంచాలి.' కాగితం అడుగున సంతకం హరికృష్ణది.

"వకీల్ సాబే మేడం," అన్నాడు గోపాల్. "మూల మీది రెండు దుకాణాలు ఆయననే కొన్నడు. కలిపి షోరూం కడుతడట. అరుగులు ఖాళీ అయితేనే ముందట గోడ లేపొచ్చని..."

"రాత్రి ఏడు ఇరవై అయిదుకు మీరు ఫోన్ చేస్తే ఆయన ఎక్కడున్నరు?"

"హన్మకొండల, ఇంట్ల ఉన్ననన్నడు." ఆ మాట అంటూ గోపాల్ తనే ఆగిపోయాడు. హన్మకొండ నుంచి ఈ బజారుకు ఆదివారం సాయంత్రమైనా ఇరవై నిమిషాలు పడుతుంది. ఆయన అయిదు నిమిషాల్లో వచ్చాడు.

మహిపాల్ అప్పటికే తలుపు తీశాడు. హాలు ఖాళీగా ఉంది. యాకమ్మ కూర్చున్న మూల ఖాళీగా ఉంది. మెట్ల దగ్గర కానిస్టేబుల్ ఒక్కడే ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

"యాకమ్మ ఏది?" అంది సుకన్య.

"మీరే పంపియ్యమంటిరి గద మేడం. పది నిమిషాలాయె." కానిస్టేబుల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ముసల్ది, ఎండల ఏం నడుస్తదని వకీల్ సాబ్ తన కార్ల ఎక్కిచ్చుకున్నడు. మంచి మనిషి. అన్నం కూడా తినిపిస్తనన్నడు."

మహిపాల్ లాయరు నంబరు నొక్కాడు. స్విచాఫ్. ఇంకోసారి నొక్కాడు. అతని మొహంలో మధ్యాహ్నం నుంచి ఉన్న ఆ తీరుబడి ఎటో పోయింది.

చెంబులో అసలు లెక్క కళ్లారా చూసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే. ఆమె నోరు తెరవకుండా కూర్చున్నంతసేపూ ఆమెకే ప్రమాదమూ లేదు. బతిమాలి, ఒట్టు విడిపించి, హంతకుడి ముందే ఆ లెక్క చెప్పించింది తను. అతను పంపించమంటే పంపించిందీ తనే. కాస్త నిద్రపోయి ఉంటే ముందు అందరినీ బయటికి పంపేదాన్ని కదా అని ఒక ఆలోచన వచ్చింది. అది సాకు అని కూడా ఆమెకు తెలుసు.

"ఎటు పోయిన్రు?" అంది, మెట్లు దిగడం మొదలుపెడుతూనే.

కానిస్టేబుల్ వెనకాలే దిగుతూ చెప్పాడు. "ఏటూరునాగారంల కోర్టు పని ఉందట మేడం సార్‌కు. పోతా పోతా తొవ్వల ఆమెను ఇంటికాడ దింపుతనన్నడు."

మహిపాల్ మెట్ల మధ్యలో ఆగిపోయాడు. "ఆమె ఇల్లు కరీమాబాదులరా."

ఏటూరునాగారం దారి కరీమాబాదు వైపు పోదు. ములుగు దాటాక ఆ దారంతా అడవే.